బ్లీచింగ్ రెట్టింపు చేసినా పోని ఈహెచ్‌పీ: నాలుగు వెనామీ చెరువుల కేసు

గోదావరి పశ్చిమ డెల్టాలో కౌలుకు నాలుగు వెనామీ రొయ్యల చెరువులు చేస్తున్న ఒక రైతు కేసు ఇది. ఆయన్ను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఊరు చెప్పడం లేదు, విస్తీర్ణం కాస్త మార్చాను. మా ల్యాబ్‌కు వచ్చే ఈహెచ్‌పీ (రొయ్యను పెరగనివ్వని పరాన్నజీవి) కేసుల్లో చాలావాటికి మూలం సీడ్ (రొయ్య పిల్లలు) దగ్గరో, పక్క చెరువు నీళ్ల దగ్గరో దొరికిపోతుంది. ఇందులో అలా జరగలేదు. మందు కొన్నారు, కొట్టారు, మరుసటి పంటకు రెట్టింపు కొట్టారు. జబ్బు మాత్రం మళ్లీ వచ్చింది. కొట్టిన మందు ఎక్కడికి పోయిందో లెక్క తీయడమే ఈ కేసులో అసలు పని.

నేపథ్యం

ఒక్కో చెరువు సుమారు ఎకరం. నల్లరేగడి నేల. బోరు నీరు, కాలువ నీరు కలిపి పెడతారు, ఉప్పు 5 పీపీటీ (లీటరుకు 5 గ్రాములు) దాటదు. మూడు చెరువులు పాతవి, నాలుగోది ఈ మధ్యే తవ్వింది. పాత మూడింటిలో పంట తీయడం, వెంటనే మళ్లీ నీళ్లు పెట్టడం. మధ్యలో చెరువు ఆరేది చాలా తక్కువ. మురుగు కాలువ పక్క రైతులతో ఉమ్మడి.

రైతు అజాగ్రత్త మనిషి కాదు. టైగర్ రొయ్యల కాలం నుంచీ చెరువులు చేస్తున్న కుటుంబం. 1994లో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి కోస్తాలో చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయిన రోజులు ఆ ఇంట్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. నీళ్లు పెట్టాక బ్లీచింగ్ కొట్టడం, పీతలు రాకుండా చుట్టూ ఫెన్సింగ్ కట్టడం అప్పుడు నేర్చుకున్నవి. 2009లో మన దేశంలో వెనామీకి అనుమతి వచ్చాక కూడా అదే పద్ధతి కొనసాగింది. వైట్ స్పాట్ మీద అది పనిచేసింది కూడా, అందులో ఆశ్చర్యం లేదు. వైట్ స్పాట్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర చెదిరితే వైరస్ పని అయిపోయినట్టే. అలాంటి వైరస్‌లు డిసిన్ఫెక్టెంట్లకు అన్నిటికంటే తేలిగ్గా లొంగుతాయి. వాటి తర్వాత మామూలు బ్యాక్టీరియా, ఆ తర్వాత పొర లేని వైరస్‌లు, ఇంకా పైన గట్టి గోడ కట్టుకున్న స్పోర్లు. పాత శత్రువు ఈ వరుసలో అట్టడుగున ఉంది. కొత్తదైన ఈహెచ్‌పీ స్పోరు పై మెట్టు మీద కూర్చుంది. అదే బస్తా, అదే చెయ్యి, అదే మోతాదు కాబట్టి ఆ తేడా రైతుకు కనిపించే అవకాశమే లేదు.

వచ్చిన సమస్య

"చావట్లేదండీ, అలాగని పెరగట్లేదు. మేత మాత్రం తింటన్నాయండి." ఫోనులో ఆయన మొదటి మాట ఇది. వెళ్లి చూస్తే 60వ రోజు దగ్గర 100 కౌంటుకు (కిలోకు 100 రొయ్యలు) రావాల్సిన రొయ్య 200 దాటి ఉంది. మేత తిన్నాయో లేదో చూసే ఒకే చెక్ ట్రేలో 3 గ్రాముల రొయ్యా, 9 గ్రాముల రొయ్యా కలిసి ఉన్నాయి. గాలి వాలు మూలలో తెల్లటి రెట్ట పోగుల్లా తేలుతోంది. ఏరేటర్లు బాగానే తిరుగుతున్నాయి, ఆక్సిజన్ లోటు లేదు.

హెపటోప్యాంక్రియాస్ (రొయ్య జీర్ణ గ్రంథి), రెట్ట రెండూ పీసీఆర్‌కు (క్రిమి డీఎన్ఏను పట్టే పరీక్ష) తీసుకున్నాం. పాత మూడు చెరువుల్లోనూ ఈహెచ్‌పీ పాజిటివ్. నాలుగోది నెగెటివ్. వైట్ స్పాట్ ఎక్కడా లేదు.

ఈహెచ్‌పీ ఒక మైక్రోస్పోరిడియన్, శిలీంధ్రాల చుట్టం. థాయ్‌లాండ్‌లో పెరగని టైగర్ రొయ్యల్లో ముందు కనబడింది, 2009లో పేరు పెట్టారు. హెపటోప్యాంక్రియాస్ కణాల లోపలే బతుకుతూ, అక్కడే స్పోర్లుగా మారి రెట్టతో బయటికొస్తుంది. స్పోరు సైజు సుమారు ఒక మైక్రాన్. మధ్యలో వేరే జీవి అక్కర్లేదు. రెట్టో, చచ్చిన రొయ్యో తిన్న రొయ్యకు నేరుగా అంటుకుంటుంది. తిన్నది అరిగించి దాచుకునే అవయవాన్నే పట్టేస్తుంది కాబట్టి మేత ఖర్చవుతుంది, ఒళ్లు రాదు.

సీడ్ మీద అనుమానం సహజంగానే వచ్చింది. కానీ నాలుగు చెరువుల్లోనూ ఒకే హేచరీ, ఒకే బ్యాచ్, ఒకే రోజు వేసిన సీడ్. సీడ్‌తోనే వస్తే కొత్త చెరువు ఒక్కటే ఎందుకు తప్పించుకుంటుంది? పైగా కిందటి పంటలో కూడా ఆ మూడు చెరువులే మందగించాయి. జబ్బు చెరువులోనే ఉండిపోయి పంట నుంచి పంటకు దాటుతోందని ఇక్కడే ఒక అంచనాకు వచ్చాను. అదే నిజమైతే, పంటల మధ్య కొట్టిన బ్లీచింగ్ ఏం చేసినట్టు?

అప్పటిదాకా వాడినవి

మొదటి మందగింపు పంటకు ముందు ఎకరానికి 80 కిలోల బ్లీచింగ్. ఆ తర్వాత 160. పంట మధ్యలో దుకాణం వాళ్లు చెప్పారని బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్ అనే డిసిన్ఫెక్టెంట్), తర్వాత అయోడిన్. ఇవి కాక "ఈహెచ్‌పీ మందు" పేరుతో రెండు మూడు డబ్బాలు. వాటి మీద ఏముందో చదివినా నాకు అర్థం కాలేదు.

పంట నడుస్తుండగా నీళ్లలో వేసే డిసిన్ఫెక్టెంట్ల సంగతి ముందే తేల్చేస్తాను. స్పోర్లు తయారయ్యేది రొయ్య కణం లోపల. నీళ్లలో కలిపింది అక్కడికి చేరదు. చేరేంత మోతాదు వేస్తే ముందు పోయేది రొయ్య. బీకేసీ ధనావేశం ఉన్న అణువు, బంకమట్టి రేణువుల మీద ఉండేది రుణావేశం. చెరువులో వేసిన బీకేసీలో చాలా భాగం మట్టికే అంటుకుపోతుంది. మిగిలినది నాచును కొట్టి, నీటి రంగు తిరగ్గొట్టి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే సమస్య తెచ్చిపెడుతుంది. ఆయన రెండు చెరువుల్లో సరిగ్గా అదే జరిగింది. అందుకని పంటలో ఉన్నంతకాలం డిసిన్ఫెక్టెంట్లన్నీ ఆపించి, మేత తగ్గించి, ఉన్న సైజుకే త్వరగా పట్టుబడి (రొయ్యలు పట్టేయడం) చేయించాం. నష్టమే. పెరగని రొయ్యకు మేత పోస్తూ కూర్చుంటే ఆ నష్టం ఇంకా పెరిగేది.

బ్లీచింగ్ లెక్క తీస్తే

ముందు బస్తా దగ్గర మొదలుపెట్టాం. బ్లీచింగ్ పౌడర్ తాజాగా ఉన్నప్పుడు దానిలో పనికొచ్చే క్లోరిన్ 30 నుంచి 35 శాతం. ఇది గాలి, తేమ, వేడి తగిలేకొద్దీ తగ్గిపోతుంది. ఆయన బస్తాలు మోటారు షెడ్డులో నేల మీద, ఇంజిను పక్కనే ఉన్నాయి. మూతి విప్పితే ఘాటు తక్కువ, పొడి ముద్ద కట్టి ఉంది. ల్యాబ్‌లో పొటాషియం అయొడైడ్, అసిటిక్ ఆమ్లం వేసి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తే 17 శాతం వచ్చింది. బస్తా మీద ఉన్నదాంట్లో సగం.

తర్వాత నీటి పరిమాణం. ఎకరం 4,047 చదరపు మీటర్లు. మీటరు లోతు నీటికి 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) కావాలంటే సుమారు 4 కిలోలు. ఆయన చెరువుల్లో నీరు 1.2 మీటర్లు. 80 కిలోలంటే పొడి లెక్కన 16 పీపీఎం చిల్లర, 17 శాతం బలంతో చూస్తే క్లోరిన్ 3 పీపీఎం కూడా లేదు. రెట్టింపు చేసినా 6 లోపే. వెనామీ రైతులు మామూలుగా పాటించే మోతాదు 60 పీపీఎం పౌడర్. తాజా సరుకైతే అది 18 నుంచి 20 పీపీఎం క్లోరిన్ ఇస్తుంది. ఈయన చెరువులో అలా రావాలంటే ఎకరానికి 290 కిలోలు పడుతుంది. ఆయనకు రెట్టింపుగా తోచింది అవసరంలో మూడో వంతుకు కూడా రాలేదు.

పీహెచ్ సంగతి ఇంకా చిత్రం. క్లోరిన్ నీళ్లలో పడ్డాక రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి క్రిమి గోడ దాటి లోపలికి పోగలదు, చంపేది అదే. రెండోది హైపోక్లోరైట్ అయాన్, దాని శక్తి చాలా తక్కువ. పీహెచ్ 7.5 దగ్గర రెండూ సగం సగం. 8.5కు చేరితే మొదటిది పదో వంతుకు పడిపోతుంది. ఈయన పొద్దున్నే "నీళ్లు సెట్ అవ్వడానికి" సున్నం కొట్టి, ఆ వెంటే బ్లీచింగ్ కొట్టేవారు. సున్నం తర్వాత పీహెచ్ 8.8. అంటే ఆ 3 పీపీఎంలోనూ చంపే రూపంలో ఉన్నది సుమారు 5 శాతం. బ్లీచింగ్ పొడిలోనే కొంత సున్నం ఉంటుంది, దానితో పీహెచ్ ఎలాగూ కొంచెం లేస్తుంది. ఇంకా సున్నం కలపడం అంటే మన మందుకు మనమే విరుగుడు పోయడం.

సముద్రపు నీటి హేచరీల వాళ్లు ఈ పీహెచ్ లెక్క మీద నాతో వాదిస్తుంటారు. వాళ్లు చెప్పేదాంట్లో పస ఉంది. సముద్రపు నీటిలో లీటరుకు 65 మిల్లీగ్రాముల దాకా బ్రోమైడ్ ఉంటుంది. క్లోరిన్ దాన్ని హైపోబ్రోమస్ ఆమ్లంగా మార్చేస్తుంది, అది పీహెచ్ 8 దగ్గర కూడా చాలావరకు చంపే రూపంలోనే ఉంటుంది. 5 పీపీటీ నీటిలో అంత బ్రోమైడ్ ఉంటుందని నమ్ముకోలేం.

వేళ కూడా కుదరలేదు. కూలీలు దొరికేది పొద్దున కాబట్టి మందు పడేది పది గంటలకి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు హైపోక్లోరైట్‌ను విడగొట్టేస్తాయి. 1908లో హ్యారియెట్ చిక్, హెర్బర్ట్ వాట్సన్ రాసిన లెక్కల నుంచి ఇప్పటిదాకా డిసిన్ఫెక్షన్‌లో గాఢతనూ కాలాన్నీ విడదీసి చూడటం కుదరదు. క్లోరిన్ విషయంలో గాఢత సగమైతే కాలం సుమారు రెట్టింపు కావాలి. ఫినాల్ జాతి మందులైతే ఇంకా ఘోరం. సగానికి పలుచన చేస్తే కాలం 64 రెట్లు పెరుగుతుంది, అందుకే నీళ్లు ఎక్కువ పోసిన ఫినాయిల్ వాసన తప్ప మరేం ఇవ్వదు. ఈ చెరువుల్లో గాఢతా లేదు, అది నిలబడేందుకు కాలమూ లేదు.

ఇవన్నీ నోటితో చెబితే రైతు తల ఊపుతారు, మళ్లీ పాత దారినే పోతారు. అందుకని గట్టు మీదే రెండు బకెట్లు పెట్టాం. రెండింటిలోనూ వడకట్టిన నీళ్లు, 20 పీపీఎం క్లోరిన్ వచ్చేలా తాజా బ్లీచింగ్. రెండో బకెట్‌లో 2వ చెరువు నడిమధ్య నుంచి తెచ్చిన గుప్పెడు నల్లబురద కలిపాం. పంచాయతీ మంచినీళ్ల వాళ్లు వాడే క్లోరోస్కోప్‌తో, నమూనాను పలుచన చేసి చూశాం. మొదటి బకెట్ గంట తర్వాత కూడా పసుపు రంగు చూపింది. బురద కలిపినదానిలో పది నిమిషాలకే రంగు పోయింది. ఆయన ఆ గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి కాసేపు చూసి, "అంటే మనం ఇన్నాళ్లూ బురదకి మేత పెట్టామన్నమాట" అన్నారు. నేను చెప్పబోయిందీ అదే. మిగిలిపోయిన మేత, రెట్ట, చచ్చిన నాచు, అమ్మోనియా అన్నీ క్లోరిన్‌ను లాగేసుకుంటాయి. అమ్మోనియాతో కలిసింది క్లోరమీన్ అవుతుంది. క్లోరోస్కోప్‌లో అదీ పసుపు రంగే చూపిస్తుంది కానీ చంపే వేగం చాలా తక్కువ. అందుకే తర్వాత మేం డీపీడీ కిట్‌కు మారాం, అది స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌ను విడిగా చూపిస్తుంది.

మొదటి విడత: నీటిని సరిచేశాం, నేల అలాగే ఉంది

మా ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి పంట ఆపి అడుగుతో సహా శుభ్రం చేయడం. రెండోది నీటి డిసిన్ఫెక్షన్ మాత్రం సరిచేసి వెంటనే సీడ్ వేయడం. నా మొగ్గు మొదటిదానికే. కానీ కౌలు గడువు నడుస్తోంది, కిందటి పంట అప్పు మెడ మీద ఉంది, వానాకాలం ముంచుకొస్తోంది, నల్లరేగడి ఆరే రోజులు కావవి. ఆరని నేలలో అడుగు పనికి డబ్బు పోసినా ఫలితం రాదు. అందుకని రెండో దారికి ఒప్పుకున్నాం, 3వ చెరువును రిజర్వాయరుగా మారుస్తానంటేనే.

కాలువ నీరు రిజర్వాయరులో కొన్నాళ్లు నిలవనిచ్చి, తేటపడ్డాక, సన్నటి వలసంచితో వడకట్టి, పొద్దుగూకాక తాజా బ్లీచింగ్ 60 పీపీఎం. ముందు సున్నం లేదు. తెల్లారాక క్లోరిన్ ఇంకా మిగిలి ఉందో లేదో కొలవడం. మిగిలి ఉంటేనే రాత్రంతా పని జరిగినట్టు. తర్వాత ఏరేటర్లు వేసి ఎండకు వదిలి, సున్నాకు వచ్చాకే చెరువుల్లోకి. సున్నం అవసరమైతే ఆ తర్వాతే. సీడ్‌ను హేచరీ సర్టిఫికెట్‌తో పాటు మా దగ్గర కూడా పీసీఆర్ చేసి వేశాం.

నీటి వరకు ఫలితం స్పష్టంగా వచ్చింది. టీసీబీఎస్ ప్లేట్ల (విబ్రియో బ్యాక్టీరియాను పెంచి లెక్కపెట్టేవి) మీద పచ్చ విబ్రియో కాలనీలు బాగా తగ్గాయి. తెల్లరెట్ట కనబడలేదు. 30వ రోజు పీసీఆర్ అన్ని చెరువుల్లో నెగెటివ్. 45 దాటాక 1, 2 చెరువుల్లో ఈహెచ్‌పీ మళ్లీ తేలింది. కొత్త చెరువుకు ఈసారీ రాలేదు. నీరు ఒకటే, సీడ్ ఒకటే, తేడా అడుగు ఒక్కటే.

ఇక్కడ ఒక మాట తేల్చాలి. "క్లోరిన్‌కు ఈహెచ్‌పీ స్పోరు చావదు" అని రైతుల్లో ఒక నమ్మకం ఉంది. 2018లో థాయ్ పరిశోధకులు శుద్ధి చేసిన స్పోర్ల మీద ప్రయోగం చేశారు. స్పోరు రొయ్య కణంలోకి దిగడానికి ఒక సన్నటి గొట్టాన్ని బయటికి విసురుతుంది. 65 శాతం క్లోరిన్ ఉన్న పొడి 40 పీపీఎంలో 15 నిమిషాలు ఉంచితే ఆ గొట్టం బయటికి రావడం ఆగిపోయింది. అంటే శుభ్రమైన నీటిలో క్లోరిన్ ఆ స్పోరును పడగొట్టగలదు. మన చెరువులో స్పోరు విడిగా తేలుతూ ఉండదు. రెట్ట పోగులో, దాని మీద బురదలో, ఆ బురద కింద వేలి లోతున ఉంటుంది. క్లోరిన్ దాని దాకా వెళ్లేలోపు దారిలోనే ఖర్చైపోతుంది. మోతాదు ఇంకో రెండింతలు చేసినా పై పొర ఇంకొంచెం తెల్లబడుతుంది, అంతే. అందుకే ఆయన "ఈసారి 500 కిలోలు కొట్టేద్దామండీ" అన్నప్పుడు వద్దన్నాను. చేరని చోటికి పంపాల్సింది బురదతో ఖర్చైపోని మందు.

రెండో విడత: అడుగు

ఎండాకాలం పంట వదులుకోవడానికి ఆయన్ను ఒప్పించడం కష్టమే అయింది. ఒప్పించింది నేను కాదు, మొదటి విడత పంట పట్టుబడి బిల్లు.

కాల్చిన సున్నాన్ని ఎంచుకోవడానికి కారణాలు రెండు. అది ఆక్సీకరణంతో చంపదు, పీహెచ్‌ను 12కు ఎత్తి చంపుతుంది. సేంద్రియ పదార్థం క్లోరిన్‌ను మింగినట్టు దీన్ని మింగలేదు. బంకమట్టి కొంత లాగుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లాగుతుంది, అంతవరకే. రెండోది, అది చేరిందో లేదో చెరువులోనే పీహెచ్ కాగితంతో చూసుకోవచ్చు. క్లోరిన్ బురదలో ఎంత లోతుకు చేరిందో చూపించే సాధనం మా దగ్గర లేదు.

ఈహెచ్‌పీ ఉన్న చెరువులకు థాయ్ నిపుణులు చెప్పిన మోతాదు హెక్టారుకు 6 టన్నులు, 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతుకు దున్ని కలిపి తడపాలి. ఎకరానికి లెక్కిస్తే దాదాపు 2.4 టన్నులు. "నేను వేసేది వంద కిలోలండీ!" అని ఆయన నిజంగానే లేచి నిలబడ్డారు. ఆ వంద కిలోలు కూడా అగ్రి లైమ్. అగ్రి లైమ్, డోలమైట్ కార్బొనేట్లు. నీటికి క్షారత ఇవ్వడానికి మంచివే కానీ టన్నులు పోసినా పీహెచ్ 12కు వెళ్లదు. కాల్చిన సున్నమో, దాన్ని తడిపి చేసిన పొడి సున్నమో కావాలి. రెండోదైతే బరువు మూడో వంతు ఎక్కువ పడుతుంది. ఇవన్నీ "సున్నం" అనే పేరుతోనే బస్తాల్లో వస్తాయి, ధరలో తేడా చాలా ఉంటుంది. అడిగిందొకటి, దిగిందొకటి అవడం మామూలే.

చెరువులు ఎండగట్టి, నేల నెర్రెలిచ్చాక నడిమధ్య పేరుకున్న నల్లబురద తీయించాం. దాన్ని గట్టు మీద పోయనివ్వలేదు. గట్టు మీద పోస్తే తొలి వానకే మళ్లీ చెరువులోకి దిగుతుంది. ఇది చెప్పినంత తేలిగ్గా జరగలేదు, ట్రాక్టరు బాడుగ దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. తర్వాత సున్నం చల్లి, రోటవేటర్ కొట్టి, తడిపాం.

మొదటి లోడు వేసిన మర్నాడు మట్టి, డిస్టిల్డ్ నీళ్లు సమంగా కలిపి పీహెచ్ చూస్తే 1వ చెరువులో చాలాచోట్ల 10 దగ్గరే ఆగింది. పది, పన్నెండు దగ్గరదగ్గర అంకెల్లా కనిపిస్తాయి. కానీ పీహెచ్ ఒక్కో మెట్టుకు పది రెట్లు. 12తో పోలిస్తే 10 దగ్గర క్షారం నూరో వంతే. లోడులో మిగిలిన గడ్డలు తీసి బకెట్ నీళ్లలో వేసి చూశాం. మంచి కాల్చిన సున్నం బుసలు కొట్టి నీళ్లను మరిగిస్తుంది. ఇవి ఊరికే మునిగాయి. దారిలో వాన తగిలో, యార్డులో చాలాకాలం పడి ఉండో సగం కార్బొనేటుగా మారిపోయింది. బ్లీచింగ్ బస్తా కథే మళ్లీ. అప్పటి నుంచి లోడు దింపే ముందే బకెట్ పరీక్ష. కొత్త లోడు అదనంగా వేశాక పీహెచ్ 12 దాటింది. వారం తర్వాత చూస్తే అదంతట అదే 8 చిల్లరకు దిగింది, గాలి ఆ పని చేసిపెడుతుంది.

కాల్చిన సున్నం కళ్లలో పడితే చూపు పోవచ్చు. తడి ఒంటి మీద పడితే కాలుస్తుంది. కూలీలకు బూట్లు, కళ్లద్దాలు, ముక్కుకు మాస్క్ ఇచ్చి, గాలికి ఎదురు చల్లకుండా చూశాం. ఎండలో బూట్లు వద్దన్నవాళ్లను ఆ పనికి పెట్టలేదు.

సామాను దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. హేచరీలకు 2.5 శాతం కాస్టిక్ సోడా, ఆపైన పీహెచ్ 4.5 కంటే తక్కువ ఉన్న 200 పీపీఎం ఆమ్ల క్లోరిన్ చెబుతారు. ఆమ్లంలో క్లోరిన్ అత్యంత శక్తిమంతం, నిజమే. కానీ చెరువు గట్టు మీద యాసిడ్, బ్లీచింగ్ పక్కపక్కన పెట్టి కూలీల చేతికివ్వడం నాకు ఇష్టం లేదు. కొలత తప్పితే వచ్చేది క్లోరిన్ గ్యాసు. ఇనుప ఏరేటర్లు కూడా తినేస్తుంది. అందుకని చెక్ ట్రేలు, వలలు, గొట్టాలు ముందు బ్రష్‌తో జారుడు పోయేదాకా రుద్ది, ఆరబెట్టి, తర్వాతే మామూలు క్లోరిన్‌లో నానబెట్టాం. రుద్దకుండా నానబెడితే ఆ జారుడు పొర లోపలున్నవి క్షేమంగా ఉంటాయి.

గట్టు మీద కాళ్లు కడిగే టబ్బు సంగతి కూడా ఇక్కడే. పొద్దున కలిపిన మందు నీళ్లలో పదిమంది బురదకాళ్లు ముంచాక, మధ్యాహ్నం ఎండకు ఆ టబ్బులో మిగిలేది బురదనీళ్లే. నీడలో పెట్టించి, మధ్యాహ్నం ఒకసారి మార్చమన్నాం. చేస్తున్నారా అంటే, నేను వెళ్లిన రోజుల్లో చేస్తున్నారు.

ఫలితం, దాని మీద నా లెక్క

తర్వాతి పంటకు నీరు మొదటి విడతలో లాగే, సీడ్ రెండుచోట్ల పరీక్షించి వేశాం. 1, 4 చెరువుల్లో పట్టుబడి దాకా ఈహెచ్‌పీ నెగెటివ్. కౌంటు ఆ ప్రాంతపు మంచి చెరువులతో సమానంగా వచ్చింది, ట్రేలో సైజు తేడా మామూలుగానే ఉంది. 2వ చెరువులో 75వ రోజు దగ్గర, కొద్దిపాటి డీఎన్ఏనూ పట్టే నెస్టెడ్ పీసీఆర్‌లో లేత పాజిటివ్. ఎదుగుదల అప్పటికి పెద్దగా దెబ్బతినలేదు, కాస్త ముందుగా పట్టుబడి చేశాం.

1వ చెరువు బాగుపడిందంతా సున్నం ఘనతే అని నేను అనను. బురద తీత, ఎండ, సున్నం మూడూ ఒకేసారి జరిగాయి, విడదీసి చూపలేను. విడదీయడానికి ఒక చెరువును వదిలేయమని అప్పుల్లో ఉన్న రైతును అడగడం న్యాయమూ కాదు. పీసీఆర్ మీద కూడా జాగ్రత్త అవసరం. అది డీఎన్ఏను చూస్తుంది, స్పోరు బతికుందో చచ్చిందో చెప్పదు. సున్నం వేశాక అడుగు మట్టిని పీసీఆర్ చేయించమని ఆయన అడిగితే అందుకే వద్దన్నాను. పాజిటివ్ వస్తే భయం, నెగెటివ్ వస్తే ధీమా, రెండింటికీ ఆధారం ఉండదు. మట్టి పీహెచ్ పటం గీయడం మేలు అనిపించింది.

ఆ పటమే 2వ చెరువు సంగతి చెప్పింది. తూము పక్క మూల మిగతా చెరువు కంటే పల్లం, ఉమ్మడి మురుగు కాలువ నుంచి ఊట వస్తుంది. ఎండాకాలంలో కూడా అక్కడ నేల నెర్రెలివ్వలేదు, రోటవేటర్ దిగబడింది, సున్నం పైపైనే మిగిలింది. మర్నాడు అక్కడ తీసిన నమూనాల్లో పీహెచ్ 10 దాటలేదు, మిగతా చెరువంతా 12. ఊట నీరు సున్నాన్ని పలుచన చేస్తూనే ఉంది. ఆ పాజిటివ్ ఆ మూల నుంచే మొదలైందా, కాలువ నుంచి పీతలతో వచ్చిందా అన్నది తేల్చలేను. రెండు దారులూ అక్కడే కలుస్తాయి.

అందుకని ఈ ఎండాకాలానికి 2వ చెరువు పని వేరుగా రాసుకున్నాం. ముందు ఆ మూలను మెరకవేసి, కాలువ వైపు గట్టులో బంకమట్టి గోడ దించి ఊట ఆపడం. ఆరకపోతే ఆ మూలకు విడిగా కట్ట వేసి పంట నుంచి తప్పించడం. సున్నం లెక్క ఆ తర్వాతే. కాలువ వైపు ఫెన్సింగ్ ఖర్చులో సగం పెట్టుకుంటామని పక్క రైతు అన్నారట, ఇంకా డబ్బు కట్టలేదు.